బలం పడని అత్తయ్య

నా చిన్నప్పుడు, నిక్కరుకు గుండీలు సరిగ్గా పెట్టుకోవడం కూడా రాని వయసులో, బెజవాడ గవర్నర్‌పేట డాక్టరుగారికి అంతుపట్టని జబ్బును నేను నయం చేశాను. నవ్వకండి. రోగి మా మేనత్త. ఆ వైద్యంలో మందు మింగింది నేను, కోలుకుంది ఆవిడ. ఈ సంగతి పెళ్ళిపందిళ్ళలో చెప్పాను, రైలు ప్రయాణాల్లో చెప్పాను, మనవళ్ళకు గోరుముద్దలు పెడుతూ చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఆ డాక్టరుగారు ఇంకాస్త పెద్ద డాక్టరయ్యారు, నా వయసు ఇంకాస్త తగ్గింది. కాగితం మీద పెట్టేసరికి మాత్రం చెయ్యి తడబడుతోంది. నోటితో కోతలు కోసినంత తేలిగ్గా కలంతో కొయ్యలేం. అందుకని కాస్త మెల్లిగా చెబుతాను.

అవి డెబ్బయ్యో దశకం తొలి రోజులు. మా నాన్నకు ఉయ్యూరుకు ఇవతల, కాలువ లాకుల దగ్గర ఉద్యోగం. గట్టు మీదే మా క్వార్టర్సు. చెరకు ఆడే రోజుల్లో ఫ్యాక్టరీ మడ్డి వాసన మా అన్నం పళ్ళెం దాకా వచ్చేది. ఏ షట్టరు ఎంత ఎత్తితే ఏ పొలం తడుస్తుందో నాన్నకు కళ్ళు మూసుకున్నా తెలుసు. ఇంకాస్త వదలండి, ఇంకాస్త వదలండి అని వచ్చే రైతుల మీద ఆయన రోజూ అరిచేవాడు. “నీళ్ళు ఎక్కువైనా చస్తుందయ్యా పైరు!” అని. గట్టు మీద అంత తెలిసిన మనిషి ఇంటి గడప దాటగానే ఆ ముక్క ఎలా మరిచిపోయాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మా మేనత్త పెళ్ళి చేసుకోలేదు. మాతోనే ఉండి, చర్చి పక్కన ఉన్న చిన్న బడిలో పాఠాలు చెప్పేది. నేనూ మా అక్కా ఆ బడిలోనే చదివాం. ఇంట్లో అత్తయ్య, బడిలో టీచరమ్మ. పలక మీద తప్పు కనిపిస్తే చాలు, “సున్నంలోకి ఎముక మిగలదురోయ్!” అని కేకేసేది. మొదటి వరుస పిల్లలు నిజంగానే వణికేవాళ్ళు, చివరి వరుస వాళ్ళు కిసుక్కున నవ్వేవాళ్ళు. ఆవిడ బెత్తం ఏనాడూ ఎవరి వీపునూ చూసి ఎరగదు.

ఒక్క హాజరు దగ్గర మాత్రం చాలా పట్టుదల. పేర్లన్నీ ఆవిడకు నోటికి వచ్చు. పేరు పిలిచి, కళ్ళు పైకెత్తి, “ప్రెజెంట్ టీచర్” అనే మాట వినపడేదాకా ఆగేది. గొణిగితే మళ్ళీ పిలిచేది. “పిలిస్తే పలకాల్రా. పలకని మనిషికీ గోడకీ తేడా ఏముంది?” అనేది.

అలాంటి మనిషికి ముందు మోకాళ్ళు పట్టేశాయి. తరవాత నడుము. ఒకరోజు తడిచీర పిండుతుంటే మణికట్టు పుల్లలా విరిగింది. చీర పిండితే ఎముక విరగడమేమిటని ఊరంతా నోళ్ళు నొక్కుకుంది. నాన్న ఆవిడను బస్సెక్కించి బెజవాడ తీసుకెళ్ళాడు. ఫొటో తీస్తే ఎముకలు పలచబడి, జల్లెడలా కనిపించాయట. ఎముకల్లో సున్నం తగ్గిందన్నారు డాక్టరుగారు. తప్పు చెప్పలేదాయన. తగ్గిన మాట నిజమే. తగ్గిన సున్నం ఎటు పోతోందని ఆ రోజు ఎవరూ అడగలేదు, అంతే.

నాన్న మాత్రం తిరిగొచ్చేటప్పుడు దాదాపు సంతోషంగా ఉన్నాడు. తగ్గితే పొయ్యడమేగా! సుద్దముక్కల్లాంటి తెల్లటి కాల్షియం బిళ్ళలు డబ్బాతో తెచ్చాడు. పూటపూటా పాలు. పొద్దున్నే సున్నపుతేట. ఇవి చాలవన్నట్టు మా ఊరి ఆరెంపీ డాక్టరుగారు ఇంటికే వచ్చి నరానికి కాల్షియం సూది వేసేవారు. ఆ సూది గురించి ఆ రోజుల్లో మా వైపు ఎవరిని అడిగినా చెబుతారు. మందు లోపలికి వెళుతుంటే గొంతులో పుట్టిన వేడి అరికాళ్ళ దాకా దిగుతుంది.

“ఒంట్లో పొయ్యి అంటించినట్టుంది అన్నయ్యా” అనేది అత్తయ్య.

“అదేనే బలమంటే!” అనేవాడు నాన్న.

ఆ బిళ్ళలు తియ్యగా ఉంటాయని కనిపెట్టింది నేనే. పిప్పరమెంటులా చల్లగా ఉండి, నాలుక మీద పిండిలా కరిగేవి. నేను తినడం మొదలుపెట్టిన కొద్దిరోజులకే అత్తయ్య గోడ పట్టుకోకుండా వసారాలోకి వచ్చింది. అన్నం నోటికి హితవుగా ఉందంది. ఒకరోజు బడికి కూడా వెళ్ళి, నన్ను లేపి ఎక్కం అప్పచెప్పించుకుని, సున్నంలోకి ఎముక మిగలదని బెదిరించింది. నేను నయం చేశానన్నది ఈ నాలుగు రోజుల ముచ్చట. కథ ఇక్కడ ఆపితే నేను డాక్టర్ని. ఇన్నేళ్ళూ ఇక్కడే ఆపాను.

ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. నేను వైద్యమేం చెయ్యలేదు, దొంగతనం చేశాను. మరికాస్త ఒప్పుకోవాలంటే, దొంగతనం కూడా చెయ్యలేదు. ఆ డబ్బాను నాన్న అటక మీద, నిచ్చెన వేసినా నాకు అందనంత ఎత్తున పెట్టేవాడు. అది నా చేతికందే గూట్లోకి తనంతట తను నడిచి రాలేదు. మొదటిసారి పట్టుబడ్డప్పుడు నా బుగ్గ ఉబ్బి ఉండడం చూసి కూడా అత్తయ్య కేకెయ్యలేదు. చుట్టూ చూసి, కొంగులోంచి ఇంకో రెండు బిళ్ళలు తీసి నా అరచేతిలో పెట్టింది. “తినరా, ఎదిగే ఎముకలు నీవి. నాన్నతో అనకు” అంది. మా అక్కకూ ఇవ్వబోయింది. అక్క తీసుకోలేదు. “నీకిచ్చినవి మాకెందుకు పెడుతున్నావ్ అత్తయ్యా?” అని అడిగింది. ఆ ప్రశ్న నాకు తట్టలేదు. తియ్యగా ఉన్నవాటిని నేనెప్పుడూ ప్రశ్నలు అడగలేదు. అంచేత నేను డాక్టర్నీ కాను, దొంగనూ కాను. ఆవిడ మందు పారబోసుకున్న దిబ్బను.

దిబ్బ ఎక్కువ కాలం దాగదు. నాకు కడుపు బిగదీసుకుపోయింది. అమ్మ ఆముదం పట్టింది, నాకు ప్రాణం పోయినంత పనైంది, ఆ బాధలో బిళ్ళల సంగతంతా కక్కేశాను. నాన్న నన్ను కొట్టిన దెబ్బలు పెద్దవేం కావు. అత్తయ్య ముందు నిలబడి ఏడ్చాడు చూడండి, అది పెద్దది. చెల్లెలు బతకాలని తను తెచ్చిన బలాన్ని ఆ చెల్లెలే పారేస్తోందని ఆయన బాధ.

“నాకు పడటంలేదన్నయ్యా” అంది అత్తయ్య. “వేసుకున్నరోజు ఒంట్లో ఏదో ఇంకిపోయినట్టుంటుంది. మానేసినరోజు నేను నేనుగా ఉంటున్నాను.”

“విషం పడదంటే నమ్ముతానే. బలం పడనివాళ్ళు ఎక్కడన్నా ఉంటారా?” అన్నాడు నాన్న.

ఆ మాట ఎంత ప్రేమగా అన్నాడంటే, ఎదురు చెప్పడం పాపమనిపించింది. అప్పటినుంచి పూటపూటా నాన్నే ఎదురుగా కూర్చుని మింగించాడు. నోరు తెరిచి చూపించమనేవాడు. సూదులు కూడా దగ్గర దగ్గరగా పడ్డాయి.

ఇక దాహం మొదలైంది. కుండ ఖాళీ అయ్యేది, మళ్ళీ నింపేవాళ్ళం, మళ్ళీ ఖాళీ అయ్యేది. కాలువ ఒడ్డున ఉంటూ అంత దాహమేమిటని అమ్మ కొంగు నోట్లో కుక్కుకునేది. తాగిన నీళ్ళు తాగినట్టే పోయేవి. తిన్నది వాంతయ్యేది. మాట తడబడింది. తరవాత తడబాటు కూడా పోయి, చక్కగా, స్పష్టంగా, ఇక్కడ లేని వాళ్ళతో మాట్లాడడం మొదలుపెట్టింది. గాలి సోకిందన్నారు చుట్టుపక్కల వాళ్ళు. చర్చి అయ్యగారు వచ్చి తల మీద చెయ్యుంచి చాలాసేపు ప్రార్థన చేశారు. ఆవిడ ఆయన్ని కూడా ఎవరో పిల్లవాడనుకుని, నిన్న బడికెందుకు రాలేదని అడిగింది.

ఒక మిట్టమధ్యాహ్నం అత్తయ్య పెరట్లోకి వెళ్ళి అరటిచెట్ల ఎదురుగా నిలబడింది. ఎండ తెల్లగా, కళ్ళు చెదిరేలా ఉంది. నాన్న షట్టర్ల దగ్గర ఉన్నాడు, అమ్మ వంటింట్లో ఉంది, నేనూ అక్కా పెరటి తలుపు చాటున ఉన్నాం. అత్తయ్య హాజరు పిలవసాగింది. మరియమ్మ. ఏసోబు. బాజీ. వెంకటరత్నం. పేరు పిలవడం, కళ్ళెత్తి ఆగడం, తల పంకించి తరవాతి పేరుకు వెళ్ళడం. అరటాకులు కదిలితే పలికారనుకునేది. అంతకుముందు వేసవిలో లాకుల మెట్ల మీద జారి కాలువలో పోయిన పిల్లవాడొకడు ఉండేవాడు, నా పక్కనే కూర్చునేవాడు. వాడి పేరు పిలిచింది. ఆగింది. గాలి లేదు. ఒక్క ఆకు కదల్లేదు. అయినా ఆవిడ ఏదో విన్నదానిలా నవ్వి, “వచ్చావా నాయనా, కూచో” అంది.

వాడి తరవాతి పేరు నాది.

నా పేరు పిలిచింది. నేను తలుపు చాటునుంచి పెరట్లోకి వచ్చి, గుండె చిక్కబట్టుకుని, బడిలో ఎన్నడూ అననంత గట్టిగా “ప్రెజెంట్ టీచర్!” అన్నాను. ఆవిడ ముఖం తేటపడింది. నెమ్మదిగా కిందికి కూలబడింది. అక్క పరుగెత్తుకెళ్ళి నాన్నను పిలుచుకొచ్చింది.

జీపొకటి దొరికితే అందులో పడుకోబెట్టి కృష్ణ దాటించి, గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరమ్మగారు మందుల డబ్బా తిప్పి చూసి, “ఇవి వేసుకున్నాక ఎలా ఉందనేవారండీ ఈవిడ?” అని అడిగారట. నాన్న నేల చూపులు చూశాడట. అమ్మ చెప్పింది, “పడటంలేదనేదండీ” అని. రక్తం పరీక్షకు పంపారు. ఎముకల్లో లేని సున్నమంతా రక్తంలో ఉంది. మెడలో, గొంతు వెనక, కందిబద్దంత గ్రంథులు కొన్ని ఉంటాయట. వాటిలో ఒకటి ఉబ్బి, అదుపు తప్పి, ఎముకల్లోంచి సున్నాన్ని తోడి రక్తంలో పోస్తోందట. ఆ పైన మేం నోటినుంచీ నరంనుంచీ కూడా పోశాం.

నాన్నకు అర్థమైంది. ఆయన భాషలోనే అర్థమైంది. “షట్టరు ఊడిపోయింది. పొలమేమో ఎండుతోంది, కాలువేమో గట్టు తెంపుకుంటోంది. నేను పైనుంచి ఇంకా నీళ్ళు వదిలాను” అన్నాడట. ఆ తరవాత చాలా రోజులు ఆయన లాకుల దగ్గర ఎవరి మీదా అరవలేదు.

బిళ్ళలూ సూదులూ ఆపి, సెలైన్లు ఎక్కిస్తే అత్తయ్యకు తెలివి వచ్చింది. మద్రాసు తీసుకెళ్ళి ఆ గ్రంథిని తీయించారు. తిరిగొచ్చిన అత్తయ్య జానెడు పొట్టిదైంది. వెన్ను వంగిపోయింది. మూత్రపిండాలు అప్పటికే దెబ్బతిన్నాయి, కొన్నేళ్ళ తరవాత ఆవిడను తీసుకెళ్ళినవి అవే. బడిలో మళ్ళీ హాజరు పిలిచింది కాని, సున్నంలోకి ఎముక మిగలదన్న మాట మాత్రం మళ్ళీ ఆవిడ నోట వినలేదు. ఒకసారి నేనే గుర్తుచేస్తే, “నా ఎముకల్లోనే మిగల్లేదురా, ఇంకెవర్ని బెదిరించను?” అని నవ్వింది. ఆ నవ్వు మా తరగతిలో వెనక వరుస నవ్వు కాదు.

అన్నిటికన్నా విడ్డూరం ఇంకోటుంది. ఆపరేషనయ్యాక ఎముకలు ఆకలిగొన్నట్టు సున్నం కోసం ఆవురావురుమన్నాయి. వేళ్ళు కొంకర్లు పోయాయి. అప్పుడు మద్రాసు డాక్టర్లు రాసింది ఆ కాల్షియం బిళ్ళలే! నాన్న డబ్బా చేత్తో పట్టుకుని మంచం పక్కన నిలబడిపోయాడు. మూత తియ్యలేకపోయాడు. అత్తయ్యే చెయ్యి చాపింది. “ఇవ్వన్నయ్యా. ఇప్పుడు పడుతుందిలే” అంది. మందుదేం తప్పులేదు. పడేదీ పడనిదీ ఆవిడ ఒంటికి తెలుసు, ఆ ఒళ్ళు చెప్పింది, మేం వినలేదు.

ఆ రోజునుంచి నేను రెండు సంగతులు మోసుకు తిరుగుతున్నాను. ఎవరైనా ఇది నాకు పడదండీ అంటే, అది అమృతమైనా సరే, బతిమాలను. మా కోడలు పాలు పడవంది, మనవడికి వేరుశనగ పడదంది, ఎందుకు పడదని ఎదురడగలేదు. రెండోది, ఎవరైనా నా పేరు పిలిస్తే పలుకుతాను. సంతలో పిలిచినా, నిద్రలో పిలిచినా, పిలిచింది నన్ను కాదని తెలిసినా పలుకుతాను. ఆ మధ్యాహ్నం పెరట్లో నేను పలికిన ఆ ఒక్క పలుకే నా జీవితంలో నేను చేసిన మంచి పని అనుకుంటాను.

ఇంతవరకూ రాసి, ఈ కాగితాలు పట్టుకుని బెజవాడలో ఉన్న మా అక్క ఇంటికి వెళ్ళాను. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ చదవమంది. చదివాను. సున్నపుతేట నిజమేనంది. ఆముదం నిజమేనంది, ఆ రోజు నేను చేసిన అల్లరి ఇంకా తక్కువే రాశానంది. నాన్న డబ్బా మూత తియ్యలేకపోయినచోట కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుని ఇంకో చిక్కుడుకాయ అందుకుంది. బాగుందా అక్కా అని నేనే అడిగాను.

“బాగానే ఉందిగాని, నువ్వు పలకలేదురా” అంది అక్క. “నీ పేరు పిలుస్తూనే ఉంది పాపం. నువ్వు చెవులు మూసుకుని గట్టు మీదికి పారిపోయావు. నీ గొంతు పెట్టి పలికింది నేను. అంత తెలివిలేని స్థితిలో కూడా పోల్చుకుంది మహాతల్లి. నీకు ఆబ్సెంటే వేసింది.”