గొలుసులో తెగులు

మా నాన్నగారు నన్నెప్పుడూ నిప్పు తొక్కిన కోతి అనేవారు. అది నిజమని ఒప్పుకోడానికి నాకు పీహెచ్‌డీలో నాలుగేళ్ళు పట్టింది.

ఆ ఏడు సెలవులకి తణుకు దగ్గర మా ఊరికి ఏడుపు మొహంతో వచ్చాను. నా పని క్వాంటం స్పిన్ గొలుసుల మీద. కంటికి కనబడనంత బుల్లి అయస్కాంతాలు వరసగా ఉన్నాయనుకోండి. బయటి నుంచి అడ్డంగా బలమైన అయస్కాంత క్షేత్రం పెట్టినంతసేపూ పైకా కిందకా అన్నది తేల్చుకోవు. దాన్ని తగ్గిస్తూ పోతే, ఒక దశ దాటాక ప్రతిదీ పక్కదాన్ని చూసి, అన్నీ పైకో, అన్నీ కిందకో తిరగాలి. నా కంప్యూటర్లో మాత్రం కొన్ని పైకి, కొన్ని కిందకి తిరిగి, మధ్యమధ్య గొలుసు తెగేది. ప్రోగ్రాంలో తప్పుందన్నారు గైడుగారు. ఆరు నెలలు వెతికాను, దొరకలేదు. ఆ అధ్యాయం తీసేస్తే నా థీసిస్‌లో మిగిలేది అటూ ఇటూ అట్టలే.

వదిలేస్తున్నానని గైడుగారికి మెయిల్ కొట్టడానికి నాన్నగారి మోపెడ్ మీద తణుకులో నెట్ సెంటర్‌కి బయల్దేరాను. కోసిన చేల మధ్య పుంతదారిలో బాతుల మంద అడ్డం. బాతులాయన కర్ర నేలకి తాటిస్తూ వాటిని మెల్లగా చేలోకి దింపుతున్నాడు. నాకు ఓపికేదీ? గట్టిగా హారన్ కొట్టాను. ఓ పది ఎడం చేలోకి, వాటి వెనక ఇరవై కుడి చేలోకి, మళ్ళీ కొన్ని ఎడం వైపుకి దూకాయి. గుంపుకీ గుంపుకీ మధ్య ఒకటో రెండో దారిమీదే దిక్కులు చూస్తూ నిలబడ్డాయి.

రైతుబిడ్డని కదా, "వీటికేమన్నా తెగులాండీ?" అన్నాను.

"తెగులేంటండీ! మీ తొందరండి," అన్నాడాయన ఒళ్ళుమండి. "కంగారు పెడితే ఏ బాతూ పక్కదాన్ని చూసుకోదండి. ఎక్కడికక్కడ తెగిపోద్ది మంద."

మోపెడ్ ఆపేశాను. "నెమ్మదిగా తోలితే అన్నీ ఒకే పక్కకి దిగుతాయా?"

"ఇంత మందలో అన్నీ ఎప్పుడూ దిగవండి. తక్కువ చోట్ల తెగుద్ది, అంతే."

సిగ్గేసింది. ఆ వెంటనే నా గొలుసు గుర్తొచ్చింది. ఆ దశ దగ్గర ఒక అయస్కాంతం కబురు ఇంకోదానికి అందడానికి సమయం పడుతుంది. క్షేత్రాన్ని గబగబా తగ్గించేసి నేనదివ్వలేదు. ఆయనతో కలిసి బాతుల్ని పోగుచేసి, తణుకు వెళ్ళకుండానే ఇంటికొచ్చేశాను.

సెలవులయ్యాక ల్యాబులో తప్పు వెతకడం మానేసి, తెగిన చోట్లు లెక్కపెట్టాను. క్షేత్రాన్ని నాలుగింతలు నెమ్మదిగా తగ్గిస్తే అవి సగమయ్యాయి. ఇంకో నాలుగింతలకి అందులో సగం. సున్నా మాత్రం కాలేదు. గైడుగారు ఆ లెక్కలతో నేను గీసిన గ్రాఫు చూసి, "ఇదేనమ్మా నీ థీసిస్," అన్నారు.

ఆరు నెలలుగా తెగులనుకుని నేను మందు కొడుతున్నది పంటకే.