ఏడాదమ్మ

ఎక్స్‌రే విభాగంలో అందరూ ఆమెను ఏడాదమ్మ అంటారు. ముఖం మీదే అంటారు. ఆమె ఏమీ అనుకోదు.

రొమ్ము కేన్సర్ పరీక్షకు వచ్చినవాళ్ళ ఫిల్ము చూసి పెద్దడాక్టరు జబ్బు లేదంటాడు. ఆ మాట నిలిచిందో లేదో తేల్చడం ఏడాదమ్మ పని. అందుకు ఏడాది ఆగాలి. ఈలోపు ఎక్కడా కేన్సరని తేలకపోతే అది నిజమైన నెగిటివ్. తేలితే, తప్పిన కేసు. ఏడాది నిండగానే ఆమె ఒక్కొక్కరికీ ఫోను చేస్తుంది.

"ఏమ్మా, ఒంట్లో బాగుందా?"

"ఉన్నానో పోయానో చూస్తున్నారా?" అని ఒకావిడ విసుక్కుంది.

"అవునమ్మా," అంది ఏడాదమ్మ.

ఇంట్లోనూ అదే తీరు. కొత్త కుక్కరు ఎలా ఉందన్నా "చూద్దాం" అంటుంది. కింది వాటాలో ఉండే అన్నభార్య ఆటపట్టించేది: "మీ అన్నయ్య సంగతి నాకు వారంలోనే తేలిపోయింది తల్లీ. ఏడాదెందుకు?"

ఆ వదిన కూడా అక్కడే పరీక్ష చేయించుకుంది. జబ్బు లేదన్నారు. ఏడాది నిండాక ఏడాదమ్మ ఆమెకు ఫోను చేయలేదు. మెట్లు దిగి వంటింట్లోకి వెళ్ళింది.

"ఏమ్మా, ఒంట్లో బాగుందా?" అంది, ఫోనులో అడిగినట్టే.

వదిన గిన్నె తుడవడం ఆపింది. "ఏడాది నిండిందా?"

"నిన్నటితో."

వదిన ఆమె వేళ్ళు పట్టుకుని తన చంక పక్కన పెట్టుకుంది. శనగగింజంత గడ్డ. గట్టిగా ఉంది. కదల్లేదు.

"ఎప్పట్నుంచి?"

"ఎండలు ముదిరినప్పట్నుంచి."

బయట వాన పడుతోంది.

"చెప్పలేదేం వదినా?"

"చెబితే మీ పెద్దడాక్టరుది తప్పని రాయాలిగా. అదీ నీ చేత్తో. కొన్నాళ్ళేగా అని ఆగాను."

ఏడాదమ్మ ఆమె చేతిలో గిన్నె తీసి పక్కన పెట్టి గొడుగు అందుకుంది.

సూది పరీక్షలో కేన్సరని తేలింది. పెద్దడాక్టరు పాత ఫిల్ము మళ్ళీ పెట్టి చాలాసేపు చూశాడు.

"అప్పుడిక్కడ ఏమీ లేదమ్మా. తర్వాత పుట్టింది. గడ్డ తగిలిననాడే వచ్చుంటే నాది తప్పిన కేసయ్యేది. అయితే నా సొమ్మేం పోయేది?" ఫిల్ము తీసి కవరులో పెట్టాడు. "తేలింది ఏడాది దాటాక. నియమం ప్రకారమే రాయి."

నిజమైన నెగిటివ్ అని రాసింది. ఆ మాట రాయడానికి ఎన్నడూ అంతసేపు పట్టలేదు.

ఇప్పుడు ఆమె ఏడాది నిండేదాకా ఊరుకోదు. ఫిల్ము తీయించుకుని వెళ్ళే ప్రతివాళ్ళనీ గుమ్మం దగ్గర ఆపుతుంది. "చేతికేదైనా తగిలితే మర్నాడే రండి. మా లెక్కలు మేం చూసుకుంటాం."

ఆపరేషనయ్యాక వదిన కళ్ళు తెరిచింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"నయమైనట్టేనా?"

"నయమైంది వదినా."

వదిన ఆమె ముఖంలోకి చూసింది.

"ఏడాది కాలేదుగా," అంది.

ఏడాదమ్మ దూదితో ఆమె పెదాలు తడిపింది.