బొమ్మ కడుపులో కమ్మలు

నా చిన్నప్పుడు ప్రత్తిపాడులో మా ఇల్లంతా దూదే. దూదేకడం మా వంశవృత్తి. పరుపుల పని తగ్గాక మా తాతయ్య వీధిగదిలో గుడ్డబొమ్మలు బాగుచేసే కొట్టు పెట్టాడు. చిరిగింది చెయ్యే అయినా బొమ్మ మొత్తం విప్పేవాడు. పాత దూదిని ఎండబెట్టి, ఏకి, మళ్ళీ ఆ బొమ్మలోనే కూరేవాడు. ఒకరి బొమ్మ దూది ఇంకొకరి దాంట్లో కలిస్తే ఊరుకునేవాడు కాదు.

మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్ళే ఒకావిడ ఓ ఉదయం కూతురి బొమ్మ ఇచ్చి వెళ్ళింది. తాతయ్య విప్పితే కడుపులోంచి బంగారు కమ్మలు జారాయి. చేతి దగ్గర చిరుగు చూస్తే, కావాలని బ్లేడుతో కోసినట్టు సాఫుగా ఉంది. ఆవిడ మొగుడు పేకాటలో ఇంట్లో గిన్నెలు కూడా తగలేసిన ఘనుడు. ఆవిడకు మిగిలినవి ఆ కమ్మలే. వాటితోనే కూతుర్ని గుంటూరు హాస్టల్లో చేర్పిస్తానని మా నానమ్మతో అనేది.

"నోరు మెదపకు తల్లీ" అని తాతయ్య నన్ను ఊరి చెరువు నుంచి మంచినీళ్ళు తెమ్మన్నాడు. ఎప్పుడూ చంకలో ఉండే నా బొమ్మను అక్కడే వదిలి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆ పిల్ల బొమ్మ కుట్టేసి ఉంది. కమ్మలు మళ్ళీ అందులోనే పెట్టాడనుకున్నాను.

మధ్యాహ్నం ఆ మొగుడు దిగాడు. "ఏం పెద్దాయనా, మా పిల్ల బొమ్మ ఇటియ్యి!"

నా బొమ్మను కరుచుకుని గోడకు అతుక్కుపోయాను. చూపు మాత్రం ఆ పిల్ల బొమ్మ మీదే. అతను నన్ను చూసి నవ్వాడు. "ఇందులో ఏదో ఉందిలే. నీ మనవరాలి మొహమే చెబుతోంది."

తాతయ్య ఏం చేశాడనుకున్నారు? కత్తెర తీసి అతని చేతికే ఇచ్చాడు! "కోసి చూసుకో నాయనా. మళ్ళీ కుట్టేది నేనేగా."

ముసలాయనకు మతి పోయిందనుకున్నాను. అతను కడుపు చీల్చాడు. తల, కాళ్ళు కూడా వదల్లేదు. కొట్టంతా దూది ఎగిరింది. దూది తప్ప ఏమీ లేదు. తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

అప్పుడు తాతయ్య నా బొమ్మను తీసుకుని కుట్టు విప్పాడు. కమ్మలు అందులో ఉన్నాయి!

నాకు ఒళ్ళు మండింది. "నాకెందుకు చెప్పలేదు? భయంతో చచ్చాను!"

"నువ్వు దానివంక అట్టా బెదురుగా చూడబట్టే, నీ చేతిలో బొమ్మ వాడి కంటికి ఆనలేదమ్మా" అని నవ్వాడు. తీరా తాతయ్య ఆ పిల్ల బొమ్మ కుడదామని కూర్చుంటే ఎంతసేపటికీ సూదిలో దారం ఎక్కదే! పొద్దున అదే సూదిలో ఒక్కసారికే ఎక్కించాడు. చివరికి నేనే ఎక్కించి ఇచ్చాను.

సాయంత్రం ఆవిడ వచ్చి, కమ్మలు కొంగున ముడేసుకుని వెళ్ళింది. ఆ ఎండాకాలం పోగానే కూతురు గుంటూరు బస్సెక్కింది.

ఇప్పుడా కొట్టు నాది. సాఫుగా కోసిన చిరుగులతో బొమ్మలు ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తాయి. ఎందుకని అడగను, లోపల దొరికింది తెచ్చినావిడ కోసం దాచిపెడతాను. ఏ మొగుడో గుమ్మంలో నిలబడి గద్దిస్తే నాకూ భయమే, అయినా లేచి ఎదురెళ్తాను. తాతయ్య మీద ఆ కోపం మాత్రం నాకింకా పోలేదు. అందుకే ముందు నా మనవరాల్ని లోపలికి పంపి తలుపు వేస్తాను.