షమీమ్ అడిగే సూది వేసింది

ముప్పై ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. దానివల్ల ఒకతని ప్రాణం పోయింది, ఒకామె ఉద్యోగం వదిలేసింది. నేను మాత్రం రిటైరై పెన్షన్ తింటున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఇది చదివే నీకు చెబుతున్నాను.

జగిత్యాల దగ్గర చిన్న దవాఖాన. నేను పెద్ద సిస్టర్‌ని. అన్నల కాలం అది. గాయాలతో వచ్చిన మగవాళ్ల పేర్లు పోలీసులు మా రిజిస్టర్లోంచి రాసుకుపోయేవాళ్లు. తర్వాత నక్సలైట్లని వాళ్ల ఇళ్ల మీద పడేవాళ్లు. అందుకని అమాయకులకు రిజిస్టర్లోనూ చీటీలోనూ వేరే పేరు రాసేదాన్ని. పుణ్యమనుకునేదాన్ని, నా బుద్ధి మండ!

సారంగాపూర్ వైపు నుంచి ఒక రైతు వచ్చాడు, కాలికి గొడ్డలి తగిలి. అంతకు ఏడాది ముందు పెన్సిలిన్ పడక ఒళ్లంతా దద్దుర్లు లేచినవాడే. అతని పాత చీటీ మీద ఎర్ర సిరాతో ఆ సంగతి రాసింది నేనే. ఇప్పుడు కొత్త పేరు రాసి, పాత చీటీ వెతికితే అసలు పేరు బయటపడుతుందని, "ఎవరడిగినా గీ దవాఖానకు ఇదే మొదటిసారని చెప్పు. సూదే ఏయించుకోలేదను" అని నేర్పాను. దద్దుర్ల మాట చీటీలో రాయలేదు. రాస్తే నాకెలా తెలుసని అడుగుతారని భయం. సూదులు వేసే షమీమ్‌కు నోటితో చెబుదామనుకున్నాను. ఇంతలో కాన్పు కేసు వచ్చింది.

షమీమ్ నర్సుగా చేరి నాలుగు నెలలు. ఇదివరకు సూది పడకపోవడం జరిగిందా అని అడగవలసింది అడిగింది. అతను నేను నేర్పిందే అప్పజెప్పాడు. చర్మం కింద పరీక్షకు వేసిన చుక్క పెన్సిలిన్‌కే అతని ఊపిరి ఆగిపోయింది.

సాయంత్రం మందుల గదిలో ఆమె నేల మీద కూర్చుని ఉంది.

"అక్కా, నా తప్పేమన్న ఉన్నదా?"

"ముందుగాల మంచిగ అడిగి వెయ్యాలె గద బిడ్డా."

"అడిగిన అక్కా. అల్లా కసమ్, అడిగిన."

"అడిగితే గిట్లెందుకైతది?"

ఎందుకన్నాను ఆ మాట? పోలీసుల భయమా? అది మొదటి వారమే. ఆ తర్వాతిదంతా నా పేరు చెడుతుందన్న భయం. విచారణలోనూ నోరు విప్పలేదు. ఆమె సూది ముట్టడం మానేస్తే అందరం చూసీ చూడనట్టు పోయాం, అన్నం తిన్నావా అని కూడా ఎవరమూ అడగలేదు. రెండు నెలలకు రాజీనామా ఇచ్చి కోరుట్ల వెళ్లిపోయింది. ఇప్పటికీ ఇంట్లో పిల్లలకు జ్వరమొస్తే తన చేత్తో మాత్ర ఇవ్వదట.

ఆమె అడిగింది. అతనితో అబద్ధం చెప్పించింది నేను. ఈ రెండు ముక్కలు రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. రాశాక గుండె తేలికైంది, దాచుకోవడమెందుకు? కానీ ఈ తేలిక షమీమ్‌కు రావలసింది.