శెట్టి మామ కుర్చీకి రెండు రకాల కాళ్లు

మార్కాపురం ప్రజలకు తెలియజేయునది ఏమనగా, నేటి నుండి మన ఊళ్లో కుర్చీ కాళ్లు ఒకదానిని ఒకటి పోలి ఉండవలసిన అవసరం లేదు!

బట్టల దుకాణం రంగయ్య శెట్టి మామ కొత్త షాపులో గల్లా దగ్గర వేసుకోవడానికి దొరల కుర్చీ కావాలన్నాడు. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండులో గీసిన కుర్చీ బొమ్మ నేనే ఫోన్లో వెతికి, ప్రింటు తీసి వడ్రంగి బ్రహ్మయ్య బావకిచ్చాను. కొనేవాడు నచ్చింది ఎంచుకోవాలని ఆ కాలంలో ఒకే కుర్చీ బొమ్మలో ఒక్కో పక్క ఒక్కో డిజైను గీసేవాళ్లట. ఆ ముక్క నాకు ఈ రోజే తెలిసింది. బావ మాత్రం ఉన్నది ఉన్నట్టు చెక్కేశాడు. ఎడమ కాలు సింహం పంజా, కుడి కాలు నున్నటి కోల!

సాయంత్రం మామ వచ్చి చూసి మండిపడ్డాడు.

"ఏంది బ్రహ్మయ్యా ఇది? రెండు కుర్చీలు కోసి అతికించినావా? నాకొద్దు, నువ్వే కూర్చో పో!"

నెల రోజుల కష్టం. బావ పనంతా వృథా అయ్యేట్టుంది. నేను అడ్డంపడ్డాను.

"అరవొద్దు మామా. ఇంగ్లండు రాజు కుర్చీ గూడా ఇట్లనే ఉండేది. బేరమాడేటోళ్ల వైపు పంజా, చెప్పిన రేటు ఇచ్చేటోళ్ల వైపు నున్నటి కాలు."

"నిజమేనా?"

"బొమ్మ చూడు, నేను గీసినానా?"

మామ కూర్చున్నాడు. పంజాను తడిమాడు. మీసం దువ్వాడు. "అయితే ఆటో పిలువు" అన్నాడు. ఆటోలో ఎక్కిస్తుంటే పక్క మందుల షాపాయన తనకూ అట్లాంటిదే కావాలన్నాడు! బావ ఆనందం చూడాలి!

రేపే షాపు ప్రారంభం. మీరు ఏ కాలు వైపు నిలబడతారో కామెంట్లో చెప్పండి. మామకు ఫేస్‌బుక్ లేదు కాబట్టి చెబుతున్నా: బొమ్మ నిజం, కుర్చీ నిజం, ఇంగ్లండు రాజు మాత్రం పూర్తిగా నా కల్పన.