సైలాన్ వీపుజోలె

చైనాలోని నాన్నింగ్‌లో మా సందు ఎంత పొడవంటే, ఈ చివర సైలాన్ అరిస్తే ఆ చివర టీ తాగుతున్న ముసలాయన కప్పు కింద పెట్టి "ఈరోజు ఎవరి మీద?" అని అడుగుతాడు. అంత గొంతు ఆవిడది. పూర్తి పేరు నోంగ్ సైలాన్. పచ్చి మామిడి, బొప్పాయి, ముల్లంగి ముక్కలు పులుపులో ఊరబెట్టి, పైన కారం చల్లి అమ్మేది. పక్కనే నా టోఫు బండి. ఇన్నేళ్లలో ఆవిడ చేత తిట్లు తినకుండా నేను బండి మూసిన రోజు లేదు. నా టోఫు మీద ఈగ వాలినా తిట్టేది, గిరాకీ తగ్గినా తిట్టేది. నాకు జ్వరమొస్తే గంజి కాచి తెచ్చి, అది తాగేంతసేపూ తిట్టేది.

మొగుడు మో దెషెంగ్ సందు మొదట్లో ఎలక్ట్రిక్ స్కూటర్లు బాగుచేసేవాడు. ఇద్దరి వాటా మాటలూ ఆవిడే మాట్లాడేయడం వల్ల ఆయనకు మాట్లాడే పని పడేది కాదు. పిల్లలు పుట్టలేదు. ఆ సంగతి ఎవరైనా జాలిగా ఎత్తితే, "నీకు పుట్టినవాళ్లు ఉద్ధరించిందేంటో చెప్పు, విని ఏడుస్తా" అనేది.

ఆవిడ దగ్గర ముక్కలు కొనుక్కునే ఒకామె అనాథాశ్రమంలో పనిచేసేది. పిల్లల్ని దత్తత తీసుకునేవాళ్లు దొరికేదాకా ఇళ్లలో ఉంచి పెంచుతారని ఆమె ద్వారానే తెలిసింది. సైలాన్ ఆ సాయంత్రమే వెళ్లి ఒక పిల్లను ఎత్తుకొచ్చింది. దెషెంగ్‌ను అడిగిందా అంటే, అడిగాననే చెప్పింది. తర్వాత ఒకరి వెనక ఒకరు వస్తూనే ఉన్నారు. కొన్నాళ్లకు ఆశ్రమంలో అందరికీ తెలిసిపోయింది, తిండి ముట్టని పిల్లలుంటే సైలాన్ ఇంటికి పంపాలని. ఈవిడ వాళ్లను వీపున కట్టుకుని, సందంతా తిరుగుతూ, ముద్దలు పెడుతూ, దారిలో కనపడ్డ వాళ్లనందరినీ తిడుతూ ఉండేది. ఆ తిట్లు వింటూ పిల్లలు నోరు తెరిచేవాళ్లు. ఎముకల గూడులా వచ్చినవాళ్లు బుగ్గలతో వెళ్లేవాళ్లు. ఆ బుగ్గలు చూసుకుని ఆవిడ పడే గర్వం అంతా ఇంతా కాదు. నాకూ గర్వంగానే ఉండేది, నా బండి పక్క మనిషి కదా.

యాయా వచ్చేటప్పటికి పిడికెడంత ఉంది. గ్రహణం మొర్రి. పాలు పడితే ముక్కులోంచి వచ్చేసేవి. పిల్ల దక్కకపోవచ్చని ముందే చెప్పి ఇచ్చారు. సైలాన్ ఆ పిల్లను నిటారుగా ఒళ్లో కూర్చోబెట్టుకుని, మెత్తటి సీసా నొక్కుతూ చుక్క చుక్క పట్టింది. ఒక గుక్క లోపలికి పోతే "అదీ! నా బంగారం!" అని అరిచేది. ఆ అరుపుకు నేను ఎన్ని టోఫు గిన్నెలు ఒలకబోసుకున్నానో. పిల్ల బతికింది. పెదవికి ఆపరేషన్ అయింది. మాటలొచ్చాయి. సైలాన్‌ను అమ్మా అని పిలిచింది. అమ్మా అని పిలిపించుకోవద్దు, అవ్వా అనిపించుకోమని ఆశ్రమం వాళ్లు అంతకు ముందే చెప్పారు. ఈవిడ ఆ మాట విననట్టే ఉండిపోయింది.

ఈ ఒక్క పిల్లనూ తామే దత్తత తీసుకుంటామని మొగుడూ పెళ్లాలు అడిగి చూశారు. దెషెంగ్ జీవితంలో అన్ని మాటలు మాట్లాడింది ఆ ఆఫీసుల్లోనే. మీకు వయసు ఎక్కువైందన్నారు. ఆరోజు ఇంటికొచ్చి సైలాన్ ఎవర్నీ తిట్టలేదు. నాకు భయమేసింది.

ఆ చలికాలంలో హాలెండ్ నుంచి ఒక కుటుంబం వచ్చింది. భార్య పేరు యానెకె, భర్త వౌటర్. యాయాతో పాటు ఆశ్రమంలో పెరుగుతున్న షియావ్‌పెంగ్ అనే పిల్లాణ్నీ తీసుకుందామని వచ్చారు. పిల్లను అప్పగించే రోజు సైలాన్ యాయాకు ఉన్న బట్టలన్నీ ఒకదాని మీద ఒకటి తొడిగింది. పిల్ల చేతులు కిందికి దిగలేదు. అప్పగించి తిరిగొచ్చి, బండి తెరిచి, మామిడి ముక్కలు కోసింది. నేను పలకరిస్తే, "నీ టోఫు సంగతి నువ్వు చూసుకోవే" అంది. కారం చల్లడం మర్చిపోయి అమ్మింది. కొన్నవాళ్లు కూడా నోరెత్తకుండా పట్టుకెళ్లారు.

మర్నాడు మధ్యాహ్నం ఆ కుటుంబానికి దుబాసీగా ఉన్న తాన్ అనే అమ్మాయి పరుగు లాంటి నడకతో మా సందులోకి వచ్చింది.

"ఆంటీ, యాయా నిన్నటి నుంచి ఏమీ తినలేదు. నీళ్లు కూడా బలవంతంగా పట్టాం."

సైలాన్ కత్తి ఆగింది. "ఏం పెట్టారు?"

"అన్నీ పెట్టాం. గంజి, గుడ్డు, అరటిపండు, కేకు..."

"కేకా! దాని మొహానికి కేకా! ఆ పిల్లాడో?"

"వాడు బానే తింటున్నాడు. వాడి ప్లేటు అయ్యాక యాయా ప్లేటూ ఖాళీ చేస్తున్నాడు." తాన్ గొంతు తగ్గించింది. "ఆంటీ, ఈ సాయంత్రం వాళ్లు దత్తత కాగితాల మీద సంతకం పెట్టాలి. యానెకె పొద్దుట్నుంచీ ఏడుస్తోంది. పిల్లకు ఇష్టం లేకుండా లాక్కెళ్లడం పాపం అంటోంది. అబ్బాయిని మాత్రం తీసుకుని, యాయాను తిరిగి ఇచ్చేద్దామా అని ఆయనతో అంటుంటే విన్నాను. నేనిక్కడికి రాకూడదు. పెంచినవాళ్లు మళ్లీ కనపడకూడదని రూలు. అయినా వచ్చాను."

స్కూటర్ చక్రం చేత్తో పట్టుకుని దెషెంగ్ అక్కడే నిలబడి ఉన్నాడు. ఆయన నోరు తెరవడం నేను చూశాను.

"అయితే మనింటికి వస్తుందా?"

సైలాన్ ముక్కాలి పీట మీద కూర్చుంది. ఊరికే కూర్చుంటే చాలు. ఒక్క మధ్యాహ్నం కదలకుండా బండి దగ్గర ఉండిపోతే, రాత్రికి ఆ పిల్ల ఆవిడ ఒళ్లోకి వచ్చేస్తుంది. అది ఆవిడకు తెలుసు, నాకూ తెలుసు. నేనైతే కదిలేదాన్ని కాను. కూర్చో అక్కా, కూర్చో అని మనసులో అనుకుంటూనే ఉన్నాను.

చాలాసేపటికి ఆవిడ మొగుడి వైపు చూసింది.

"వస్తుంది. వస్తే పెడతాను. నేను పోయాక ఎవరు పెడతారు?"

ఆయన చక్రం కింద పెట్టి, చేతులు తుడుచుకుని, లోపలికి వెళ్లిపోయాడు. ఆవిడ లేచింది. లేవగానే గొంతు మామూలైంది.

"ఏంటే అలా చూస్తావ్? నా చేతి ముద్ద తిన్న పిల్ల హోటల్లో పస్తు పడుకుందని ఊరంతా చెప్పుకోవాలా? నీ బండి కూడా మూసెయ్. స్కూటర్ మీద వెనక కూర్చుని గిన్నె పట్టుకునేవాళ్లు కావాలి నాకు."

జిగురు బియ్యం అన్నం వండి ఉసిరికాయలంత ముద్దలు చేసింది. తర్వాత పెట్టె తెరిచి వీపుజోలె తీసింది. ఎర్ర గుడ్డ మీద వాళ్లమ్మ కుట్టిన పూలూ పిట్టలూ, నాలుగు పొడుగాటి పట్టీలు. మా జ్వాంగ్ తెగ వాళ్లలో కూతురికి తొలి బిడ్డ పుడితే పుట్టింటివాళ్లు ఈ జోలె పెడతారు. బిడ్డ పుట్టకపోయినా వాళ్లమ్మ ఆశ చంపుకోలేక కుట్టి ఇచ్చిపోయింది. సైలాన్ పెంచిన ప్రతి పిల్లా అందులోనే పెరిగింది.

"దీన్నెందుకక్కా తెస్తున్నావు?" అన్నాను.

"స్కూటర్ ఎక్కు."

హోటల్ గది తలుపు తీయగానే వేడి గాలి మొహానికి కొట్టింది. యాయా పలచటి గౌనులో, కాళ్లకు మేజోళ్లు కూడా లేకుండా, మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. వౌటర్ ఒళ్లో షియావ్‌పెంగ్ రెండు చేతుల్లో రెండు బన్నులు పట్టుకుని ఉన్నాడు. యానెకె ముక్కూ కళ్లూ ఎర్రబడి ఉన్నాయి. ఎంత పొడుగు మనిషో! మా సందులో దండేల మీద ఆరేసిన బట్టలన్నీ ఆమె తలకు తగిలేవి.

యాయా మమ్మల్ని చూసింది. "అమ్మా!" అని కేక పెట్టి పరిగెత్తి, సైలాన్ కాళ్లను చుట్టేసింది.

సైలాన్ వంగలేదు. చేతులు జోలె చుట్టూ బిగుసుకుపోయి ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. పిల్ల ఎత్తుకో ఎత్తుకో అని ఎగురుతోంది. ఎత్తుకోవడానికి ఎంతసేపు పడుతుంది? ఆవిడ ఎత్తుకోలేదు. గట్టిగా గాలి పీల్చుకుని దుబాసీ అమ్మాయితో అంది:

"ఆ పొడుగు పిల్లను కింద గొంతుక్కూర్చోమను. వీపు ఇటు తిప్పి."

యానెకె పాపం కూర్చోబోయింది. వాళ్లకు గొంతుక్కూర్చోవడం రాదట, నాకప్పుడే తెలిసింది. మడమలు పైకి లేచి, వెల్లకిలా పడింది. మళ్లీ ప్రయత్నించి ఈసారి పక్కకు పడింది.

"ఓరి దేవుడా, మనిషికి కూర్చోవడం కూడా నేనే నేర్పాలా!" అని సైలాన్ అరిచింది.

అలవాటైన అరుపు వినపడగానే యాయా ఏడుపు సగంలో ఆగింది. కింద పడ్డ ఆ కొండంత మనిషిని వింతగా చూసింది. యానెకె మోకాళ్ల మీద వంగింది. సైలాన్ పిల్లను ఆమె వీపుకు ఆనించి, జోలె చుట్టి, పట్టీలు ముందుకు లాగింది. పట్టీలు అందలేదు. ఇన్నేళ్లుగా సైలాన్ నడుం చుట్టూ తిరిగిన పట్టీలకు ఆ భుజాలు చాలా పెద్దవి. సైలాన్ తన ఆప్రాన్ తాడు విప్పి, పట్టీల కొసలకు కలిపి ముడేసింది. పిల్ల గింజుకుంది. తర్వాత జోలె అంచు నోట్లో పెట్టుకుంది. అది తనకు తెలిసిన గుడ్డే, తనకు తెలిసిన వాసనే.

"నడవమను. కూర్చుని తినడం దీని పుట్టుకలో లేదు."

వీధిలోకి దిగాం. సైలాన్ ముందు నడిచింది, యాయాకు కనపడేలా. ఒక ముద్ద తీసి యానెకె చేతిలో పెట్టి, భుజం మీదుగా వెనక్కి అందించమని సైగ చేసింది. మొదటి ముద్దను యాయా తోసేసింది, రోడ్డు మీద పడింది. రెండోదీ అంతే. యానెకె మొహం వాడిపోయింది. సైలాన్ ఏమీ అనకుండా మూడోది ఇచ్చింది. నూడుల్స్ కొట్టు దాటాం, మందుల షాపు దాటాం. భుజం మీద ఆ పెద్ద చెయ్యి ముద్ద పట్టుకుని అలాగే ఆగి ఉంది. యాయా దాన్ని చూసింది, సైలాన్‌ను చూసింది. సైలాన్ మొహం తిప్పుకుని, అడ్డంగా స్కూటర్ పెట్టినవాణ్ని తిట్టడం మొదలుపెట్టింది.

ముద్ద నోట్లోకి పోయింది.

తర్వాత ఇంకోటి. ఇంకోటి. నేను గిన్నె పట్టుకుని, కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక, ముక్కు ఎగబీల్చుకుంటూ నడిచాను. సైలాన్ కొంచెం కొంచెంగా నడక తగ్గించింది. యానెకె పక్కకు వచ్చింది, తర్వాత సైలాన్ వెనకబడింది. యాయా ఒకసారి తల తిప్పి వెతుక్కుంది, అప్పుడే భుజం మీదుగా ఇంకో ముద్ద వచ్చింది, ఇటు తిరిగింది.

కూరగాయల బజారు దగ్గర నలుగురైదుగురు ముసలమ్మలు యానెకెను చుట్టేశారు.

"పిల్ల కాళ్లు చూడండి, మంచుగడ్డలు! మేజోళ్లేవీ?"

"చలికి చంపేసేట్టుంది. ఏం తల్లివమ్మా నువ్వు?"

"వీళ్లకు పెంచడం తెలియదు. ఎవరిచ్చారో ఈవిడకు పిల్లను!"

ఒకామె యాయా పాదం పట్టుకుని లాగుతోంది. యానెకెకు మాటలు అర్థం కాలేదు కానీ తిట్లని తెలిసిపోయింది. జోలె కిందుగా రెండు చేతులూ వెనక్కి పోనిచ్చి, పిల్లను ఒడిసిపట్టుకుని, ఒక్క అడుగు కూడా వెనక్కి వేయకుండా నిలబడింది. నాకు ఆ నిలబడడం నచ్చింది.

అప్పుడు మా వెనక నుంచి వచ్చింది ఆ గొంతు. బజారంతా తక్కెళ్లు ఆగిపోయాయి.

"చెయ్యి తియ్! నా కూతురు అది! కొత్తగా తల్లయింది, ఇంకా చేతకాదు. నేర్పుకుంటాను. దాన్ని తిట్టాలంటే నేను తిడతాను, మీరెవరే?"

ముసలమ్మలు ఆ పొడుగు తెల్లమనిషినీ, ఆమె మోచేతి దగ్గరికి మాత్రమే వచ్చే సైలాన్‌నూ మార్చి మార్చి చూశారు. ఒకామె పాదం వదిలేసి, నెమ్మదిగా అడిగింది: "నీ కూతురా?"

"జోలె కనపట్లేదా? ఎవరు పెడతారు అది?"

ఆ అడిగినామే తన మెళ్లో ఉన్న ఉన్ని గుడ్డ తీసి యాయా కాళ్లకు చుట్టింది. దుబాసీ అమ్మాయి యానెకె చెవిలో ఆ మాటలన్నీ చెప్పింది. యానెకె సైలాన్‌ను చూస్తూ ఉండిపోయింది. యాయా అప్పటికి ఆమె వీపు మీద తల వాల్చి, నోట్లో మెతుకులతోనే నిద్రపోయింది. జోలె విప్పకుండానే హోటల్‌కు తిరిగి వెళ్లారు. అలా వీపున కట్టుకునే యానెకె సంతకం పెట్టిందని తర్వాత తాన్ చెప్పింది.

మేము సందులోకి వచ్చేసరికి దెషెంగ్ స్కూటర్లేవీ ముట్టుకోకుండా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పులుపు ముక్కల కోసం వచ్చినవాళ్లూ, టీ కొట్టు ముసలాయనా, అందరూ ఆవిడ కోసమే చూస్తున్నారు. నా చేతిలో గిన్నె ఖాళీగా ఉంది. ఆప్రాన్‌కు తాడు లేక సైలాన్ దాన్ని చేత్తో పట్టుకుని నడుస్తోంది.

దెషెంగ్ అడిగాడు. "తిన్నదా?"

"తిన్నది." సందు ఆ చివరిదాకా వినపడేలా చెప్పింది. "కడుపు నిండా తిన్నది. వాళ్లమ్మ పెట్టింది."