సిరోంచ టాకీసులో ఆడవాళ్ల తలుపు

మొన్న మా చిన్నమ్మాయి పట్టుబట్టి మంచిర్యాలలో కొత్త సినిమా హాలుకు తీసుకుపోయింది. మెత్తటి కుర్చీలు, చల్లటి గాలి, అంతా బాగానే ఉంది గానీ, తలుపులు మూసి దీపాలు ఆర్పగానే నాకు ఊపిరాడలేదు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. బీపీ అనుకుని బిడ్డ పరేషానైంది. కాదని నేను చెప్పలేదు.

నేను కోడలిగా వచ్చిన రోజుల్లో ప్రాణహితకు అవతల, మహారాష్ట్ర సిరోంచలో మా మామగారికి ఒక రేకుల టాకీసు ఉండేది. తెలుగు బొమ్మ రావాలంటే ప్రాణహిత దాటాలి; చెన్నూరు వైపు నుంచి రీళ్ల డబ్బాలు పడవలో వచ్చేవి, వాటితోపాటే నా పుట్టింటి కబుర్లూ వచ్చేవి. మా ఆయన మిషను గదిలో, మామగారు టికెట్ల దగ్గర, నేను ఆడవాళ్ల తలుపు దగ్గర. ఆట మొదలవగానే లోపలినుంచి గొళ్లెం పెట్టి ఇంటర్వెల్ దాకా తియ్యకూడదు. తీస్తే చాలు, అన్నం వండలేదని ఒకడు, పిల్ల ఏడుస్తోందని ఒకడు, పెండ్లాల కోసం వచ్చి పడేవారు. వాళ్లను కసిరి పంపడంలో నాకు మంచి పేరుండేది, దానికి మురిసిపోయేదాన్ని కూడా, నా మొహం! ఆ ఏడు మా అమ్మ మంచాన పడింది. పొమ్మని అత్తగారు అనలేదు, అడిగే ధైర్యం నాకు లేదు. అమ్మ నన్ను అడిగితే మాత్రం ఎవరు కాదన్నా వచ్చేస్తానని, వచ్చి పిలవమని పడవాయనకు చెప్పి, బట్టలు మూటగట్టుకుని ఎదురుచూస్తున్నాను.

ఒక వానాకాలం మ్యాట్నీలో ఫైటింగు జోరుగా నడుస్తోంది. ఈలలు, చప్పట్లు, రేకుల మీద వాన. ఎవరో తలుపు కొట్టి, “అమ్మా, జర తలుపు తియ్యుండ్రి” అన్నారు. నేను సందులోంచి తొంగి కూడా చూడలేదు.

“ఎవ్వల కోసం వచ్చినా సరే, ఆట అయినంకనే రా! గిప్పుడు తియ్య!”

మరో రెండుసార్లు కొట్టి ఊరుకున్నాడు. ఇంటర్వెల్‌కు తలుపు తీస్తే పక్క చాయ్ హోటలామె వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

“పడవాయన నీ కోసమే వచ్చిండు బిడ్డా. మీ అమ్మ నిన్నే అడుగుతున్నదట. గసొంటి మాట తలుపు బయట నిలబడి ఎట్ల ఒర్రాలె అన్నడు. నీళ్లు పెరుగుతున్నయని ఇగ ఆగలే.”

ఒడ్డుకు పరుగెత్తాను. పడవ నడినదిలో ఉంది, నా కేకలు నాకే వినబడలేదు. తరువాత ఐదు రోజులు పడవ కదలలేదు, డబ్బాలు రాక అదే బొమ్మ ఆడింది, నేను అదే చీకట్లో అదే తలుపు దగ్గర నిలబడ్డాను. ఆరోనాడు పోయేసరికి అమ్మ పోయి మూడు రోజులు.

అందరూ ప్రాణహితను తిట్టారు. వాళ్లతో కలిసి నేనూ తిట్టాను. తలుపు తియ్యనిది నేనని మా ఆయనకు కూడా చెప్పలేదు. తెలిసిన ఆ ఇద్దరూ, పడవాయనా హోటలామె, నోరు విప్పకుండానే పోయారు.

ఇప్పుడు టాకీసు లేదు, పడవ లేదు, వంతెన మీద కునుకు పట్టేలోపే అవతలి ఒడ్డు. ఇన్నేళ్లూ నా తప్పును మోసిన నది కింద పారుతుంటుంది. అమ్మను ఎలాగూ క్షమించమని అడగలేను, దాన్నైనా అడుగుదామంటే బస్సు ఆగదు.